వేణ్ణీళ్లలో బ్రాందీ

దగ్గంటే మా అమ్మకు బ్రాందీయే గుర్తొచ్చేది. విజయనగరం వైపునుంచి భిలాయి వచ్చేటప్పుడు ఆ వైద్యాన్నీ వెంట తెచ్చుకుంది. తొంభైల్లో, నేను మొదటిసారి కడుపుతో ఉన్న చలికాలమంతా దగ్గు వదల్లేదు. అత్తగారిల్లు అదే ఊళ్లో రుఆబాంధా, అమ్మవాళ్ల క్వార్టర్ సెక్టర్ 7. నేను వెళ్లినప్పుడల్లా అమ్మ, నాన్న తాగే బ్రాందీ సీసా తీసి, వేణ్ణీళ్లలో కాస్త కలిపి, ముక్కు మూసుకుని తాగమనేది. ఘాటు తగ్గడానికి బెల్లంముక్క కూడా ఆవిడే నోట్లో పెట్టేది. అమ్మ చేత్తో ఇచ్చినదాన్ని అనుమానించడం నాకు చేతకాదు.

ఆస్పత్రిలో గర్భిణులను బెంచీ మీద కూర్చోబెట్టి, నర్సు ఒక్కొక్కరినే హిందీలో ప్రశ్నలడిగేది. తిండీ నిద్రా అయ్యాక, ఆ రోజు మద్యం సంగతి కూడా అడిగింది. నా ముందున్నవాళ్లంతా నవ్వి తల అడ్డంగా ఊపారు. నేను మాత్రం, దగ్గుకని అమ్మ బ్రాందీ ఇస్తోందని చెప్పాను. నర్సు నవ్వలేదు. అది కడుపులో బిడ్డకు మంచిది కాదంటూ, ఎంత తాగావు, ఎన్నాళ్లుగా అని అడిగింది. కొలత తెలిసింది అమ్మకే. నాకు తోడొచ్చి పక్కనే ఉంది కదా, చెప్పమ్మా అన్నాను.

అమ్మ బెంచీవైపు చూసింది. సగంమంది మా సెక్టర్ తెలుగువాళ్లే.

"నానేటి ఇస్తానే? మనింట్లో అలాటివి లేవు. మీ ఆయన అలవాటు చేసాడేటో, నాకేటి తెల్దు."

మా ఆయన సీసా ముట్టని మనిషి. ఆ మాట నాకన్నా ముందే రుఆబాంధా చేరింది. అత్తగారు నేను తాగిన గ్లాసులు వాసన చూడడం మొదలుపెట్టారు. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ నర్సు దగ్గరికొచ్చి మాట్లాడించేది, నా ఊపిరిలో వాసన పట్టడం కోసం. ఆమెమీద నాకు కోపం లేదు, ఆమె పని ఆమె చేసింది. అమ్మమీదే, ఇప్పటికీ ఉంది. బిడ్డకేమైనా అవుతుందేమోనని నేను నెలల తరబడి వణుకుతుంటే, ఎంత పోసిందో ఒక్కసారైనా చెప్పలేదు.

అదృష్టం, పాప నిక్షేపంగా పుట్టింది. పురిటికి అమ్మవాళ్ల క్వార్టర్లోనే ఉన్నాను. ముందుగదిలో అత్తగారు, ఇరుగుపొరుగు పాపను చూస్తున్నారు. అమ్మ స్టీలు గ్లాసుతో లోపలికొచ్చి తలుపు వేసింది. ఆ వాసన నాకు కొత్త కాదు.

"బాలెంతరాలివి, ఒళ్లు గట్టిపడతాది, తాగెయ్యి" అంది గొంతు తగ్గించి.

"తలుపు తియ్యమ్మా. మా అత్తగారి ముందర ఇయ్యి, తాగుతాను."

అమ్మ గ్లాసును పైటచెంగు చాటుకు తీసుకుంది. తలుపు మాత్రం తియ్యలేదు.