మామ్మ ముడి, అక్క జడ

ఆ రోజుల్లో గజపతినగరంలో మా ఇంట్లో ఉన్నవి ఇవి: మనుషులు ఐదుగురు (మామ్మ, నాన్న, అమ్మ, అక్క, నేను), అద్దాలు రెండు, దువ్వెనలు ఆరు, కొబ్బరినూనె డబ్బా ఒకటి, ఆడవాళ్ళ జుట్టు గురించి అభిప్రాయం ఒకటి. ఆ అభిప్రాయం మామ్మది. మామ్మంటే నాన్న తల్లి. మా చర్చిలో స్త్రీల సమాజానికి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడే అధ్యక్షురాలు. డెబ్బై దాటినా తల వెనక కొబ్బరికాయంత ముడి ఉండేది. రంగు వేసుకుంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసింది అంతవరకే. ఆ ముడి బలం మీదే ఆవిడ సమాజాన్నీ మమ్మల్నీ ఏలేది. శనివారం ఆడవాళ్ళందరూ తలకి నూనె పెట్టుకోవాలి (తాను మాత్రం నూనె పట్టించి, తువ్వాలు చుట్టుకుని, రోజంతా అలాగే ఉండేది). ఆదివారం బిగించి జడ వేసుకోవాలి. "జుట్టిరబోసుకుని తిరగడానికి మనవేటి సినిమావోల్లమా?" అనేది. అమ్మ జుట్టు పలచబడితే అది అమ్మ తప్పే. "నా వొయసొచ్చేసరికి నీకు ఉసిరికాయంత ముడి కూడా ఉండదు సూడు" అని అమ్మ చేత అన్నం వడ్డింపించుకుంటూ మరీ చెప్పేది. నా జుట్టు గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేనప్పుడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చివరి సంవత్సరం. తల దువ్వుకోవడం నా దినచర్య జాబితాలోనే లేదు.

అక్కకి కొత్తవలస దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబులో ట్రైనీ ఉద్యోగం వచ్చింది. పొద్దున్న రైలుబండికి వెళ్ళి సాయంత్రం బండికి వచ్చేది. నడుము దాటిన జడని మడిచి లోపల పెడితే హెల్మెట్ తలకి ఎక్కదు, బయట వదిలేస్తే సూపర్‌వైజరు లోపలికి రానివ్వడు. రెండు నెలలు ఓపిక పట్టి, ఒక శుక్రవారం తిరిగొస్తూ విజయనగరంలో దిగి, పార్లరుకి వెళ్ళి, మెడ దాకా కత్తిరించుకుని వచ్చింది. తలకి చున్నీ చుట్టుకుని, జలుబు అంది. శనివారం పెరట్లో నాకొక్కడికే చున్నీ తీసి చూపించింది.

"ఎన్ని అంగుళాలు పోయింది?" అన్నాను.

"అంగుళాలు తరవాత కొలుద్దువు గాని. మామ్మ సూసిందంటే సోమారం నుంచి నాకు ఉద్యోగం లేదు, తెలుస్తందా?"

అది నిజం. ఉద్యోగంలో చేరే రోజునే మామ్మ షరతు పెట్టింది: "ఫ్యాక్టరీకెల్లి జుట్టు మీద సెయ్యేసేవంటే ఆరోజే మానిపించెత్తాను." నాన్న తన తల్లి మాటకి ఎదురు చెప్పడం నేను చూడలేదు. మర్నాడు ఆదివారం. చర్చిలో ముసుగు వేసుకున్నా దాని కింద జడ వేలాడాలి, లేకపోతే వెనక వరస మొత్తం అడుగుతుంది.

కాగితం తీసి మార్గాలు రాశాను. ఒకటి, జ్వరం నటించడం (మామ్మ పాస్టరమ్మగారిని ప్రార్థనకి పిలుస్తుంది, ఆవిడ తల మీద చెయ్యి పెడుతుంది, కాబట్టి కొట్టివేత). రెండు, నిజం చెప్పడం (చర్చించలేదు). మూడు, సవరం. చిన్నప్పుడు జంతికలు వెతుకుతూ స్టోరు గదిలో ట్రంకు వెనక ఒక బిస్కెట్ డబ్బా తెరిచి, అందులో జుట్టు చూసి కేక పెట్టి పారిపోయిన జ్ఞాపకం ఉంది. వెళ్ళి చూస్తే డబ్బా అక్కడే ఉంది, సవరమూ ఉంది. కుదురు దగ్గర ఎర్రదారంతో గట్టిగా కట్టిన నల్లటి విడిజుట్టు. ఎప్పుడో పోయిన ఏ తాతమ్మదో అనుకున్నాం. దానికింకా కొబ్బరినూనె వాసన వస్తోంది. బుర్ర ఉన్నవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచించాలి. నేను 'కండిషన్: బాగుంది' అని రాసుకున్నాను.

ఐదు పిన్నులు, రెండు నల్ల రబ్బర్లతో బిగించాం. పరీక్ష కోసం అక్క చేత పదిసార్లు ఎగిరించాను, ఇరవైసార్లు తల ఊపించాను. పదహారోసారికి ఒక పిన్ను జారింది. ఇంకో రెండు కలిపాను. "నీకు పెల్లయితే ఆ పిల్లని ఇలాగే ఎగిరిస్తావేట్రా?" అంది అక్క ఆయాసపడుతూ.

ఆ ఆదివారం స్త్రీల సమాజం ఆరాధన. నడిపించాల్సింది మామ్మ. ఏడింటికల్లా తయారై మా అందరినీ తిట్టే మనిషి, చర్చిలో మొదటి గంట కొట్టినా స్టోరు గది నుంచి బయటికి రాలేదు. లోపల ట్రంకు జరిపిన చప్పుడు, డబ్బా మూత తీసిన చప్పుడు, వేసిన చప్పుడు, మళ్ళీ తీసిన చప్పుడు.

"అత్తయ్యా, టైమైపోతంది" అంది అమ్మ.

"నాకు మోకాలు నొప్పి. మీరెల్లండి."

సమాజం పుట్టినప్పటి నుంచీ ఆవిడ మానేసిన ఆదివారం లేదు. నాన్న ఆటో పిలవనా అన్నాడు. కాసేపటికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. తల మీద నిన్నటి తువ్వాలు.

"ఒరే, ఈ బిస్కెట్ డబ్బా ఎవులు ముట్టుకున్నారు?"

"అందులో ఏటున్నాది మామ్మా?"

"ఏటీ లేదు."

"ఏటీ లేకపోతే మరేటి పోయింది?"

ఈ ప్రశ్న నేను తర్కం కోసమే అడిగాను. మామ్మ నన్ను కాకుండా నా వెనక నిలబడ్డ అక్కని చూసింది, తర్వాత అక్క జడని. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

"ఈ జడెక్కడిదే?"

"నాదే మామ్మా."

"నీదేటి? ఆ ఎర్రదారం కట్టింది నానైతేను!"

అన్న తర్వాత గాని తానేమందో ఆవిడకి తెలియలేదు. అమ్మ అత్తగారి తువ్వాలుని చూసింది. ఇరవై ఏళ్ళుగా పడ్డ మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నె ఒకటి కింద పడింది. నాన్న గోడ క్యాలెండర్ చదవడం మొదలుపెట్టాడు.

అక్క ఏడు పిన్నులూ ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టింది. సవరం ఊడి వచ్చింది, మెడ దాకా ఉన్న జుట్టు బయటపడింది. మామ్మ ఆ జుట్టుని చాలాసేపు చూసింది. రెండో గంట కొట్టారు. మామ్మ స్టూలు మీద కూర్చుని తువ్వాలు తీసింది. ఆవిడ సొంత ముడి, అమ్మకి జోస్యం చెప్పిన ఆ ఉసిరికాయంతే.

"రాయే, బేగి పెట్టు" అంది.

అక్క వెనక నిలబడి సవరం చుట్టి ముడి పెట్టింది. ఐదు పిన్నులు చాలవనీ, ఏడు ఉండాలనీ నేను చెప్పాను. "నువ్ నోర్ముయ్యి" అన్నారు ఇద్దరూ. మామ్మ అద్దంలో అటూ ఇటూ చూసుకుని, లేచి, అక్క ముసుగుని నుదుటి దాకా లాగి సర్దింది.

"ఎవులైనా అడిగితే నూనెట్టి పైకి మడిసీసేనని సెప్పు. రేపు నీ బండెన్నింటికి?"

"ఆరుంపావుకి మామ్మా."

"అయితే రాత్రికే కేరేజీ సర్దుకో."

ఆ రోజు సమాజంలో ప్రార్థన మామూలుకన్నా చిన్నదిగా జరిగిందని గుర్తు.

కత్తిరించిన జడ ఏమైందని అక్కని అడగడం నా జాబితాలో లేదు. అది పార్లరులోనే ఉంది. సోమవారం అక్క విజయనగరంలో దిగి అడిగితే కవరులో పెట్టి ఇచ్చారు. మామ్మే దానికి ఎర్రదారం కట్టింది. ఇప్పుడు అక్క అదే ల్యాబులో షిఫ్టు ఇన్‌చార్జి. అక్క జడ వారం విడిచి వారం మామ్మ తల మీద చర్చికి వెళ్ళి వస్తోంది. నా నుదురు ఏడాదికి కాస్త చొప్పున వెనక్కి జరుగుతోంది, దాని గురించి ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఏమీ అనరు. మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు మామ్మే డబ్బా తీసి ఇచ్చి, "కొలుసుకో, నీకది కావాల కదా" అంది. కొలిచాను. మామ్మది పంతొమ్మిది అంగుళాలు, అక్కది ఇరవై రెండు.