మనోరమక్క విలాయతి చామంతి

చిక్కడపల్లి లైబ్రరీ వెనక గల్లీలో, ఒకే ప్రహరీలో నాలుగు పోర్షన్లు. ఎవరింట్లో పోపు మాడినా నలుగురం తుమ్మేవాళ్లం. మా పక్క పోర్షన్లో మనోరమక్క, ఆమె భర్త ప్రహ్లాద్ బావగారు ఉండేవారు.

తొంభై నాలుగు జనవరిలో అక్క నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వెళ్లి విత్తనాల పొట్లం తెచ్చింది. పొట్లం మీద బొమ్మలో తెల్ల రేకులు, నడుమ పసుపు బొట్టు. విలాయతి చామంతి అట. తెచ్చినామె ఊరుకుందా, ఇంటి ఓనరు అరుంధతిగారి దగ్గర గొప్పలకు పోయింది.

"ఈసారి సద్దుల బతుకమ్మకు నడిమి వరుస నా మిద్దె పూలే ఆంటీ. బజారు పూలు ముట్ట."

అరుంధతిగారికి నారాయణగూడ మార్కెట్ నుంచి గునుగు, బంతి తట్టలకొద్దీ దిగేవి. ఆమె నవ్వారు. "చూద్దాం తియ్, కుండీల పూలు ఏ మూలకొస్తయో!"

అంతే, అక్క పరువంతా ఆ కుండీలోకి ఎక్కి కూర్చుంది.

మిద్దె మీది కుండీలో విత్తనాలు చల్లితే రెండు రకాలు మొలిచాయి. ఒకటి మెత్తటి గుండ్రాకులతో నీరసంగా, ఇంకొకటి గరుకు ఆకులతో పహిల్వాన్‌లా. అక్క నీరసపు వాటిని కలుపని పీకి పారేసింది. మెట్ల మీద చాయ్ తాగుతున్న బావగారు ఏదో అనబోయి, చాయే ఇంకో గుక్క తాగారు.

పహిల్వాన్లకు బియ్యం కడిగిన నీళ్లు, వాడేసిన చాయ్‌పత్తా. తీగలు నేలను పాకి, కణుపు తగిలిన చోటల్లా వేరు వేసేవి. అక్క వాటిని తుంచి డాల్డా డబ్బాల్లో నాటింది. రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఎండాకాలంలోనూ గిన్నెలు కడిగే నీళ్లలోంచి వాటి వాటా తీసేది. వానలు పడగానే పొడుగాటి కాడల చివర చిన్న పూలు. తెల్ల రేకులు, నడుమ పసుపు.

"నా చెయ్యి మంచిదే సుమా!" అని మురిసింది.

పలక పట్టి చదివినవాళ్లకు ఎవరికైనా అది గడ్డిచామంతి అని తెలుసు. పలక నల్లబడాలని దాని ఆకే కదా రుద్దేవాళ్లం! అక్క మాత్రం సుల్తాన్ బజార్లో మేడ మీద పుట్టి, మేడ మీదే పెరిగింది. ఆమె సంబరం చూశాక చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

సద్దుల నాడు అక్క తాంబాళంలో బతుకమ్మను పేర్చింది. గునుగుకీ బంతికీ నడుమ తన పూల వరుస ఒద్దికగా కూర్చుంది. అరుంధతిగారు వంగి చూశారు.

"ఏందే ఇది? గడ్డిచామంతి కాదూ?"

"విలాయతి చామంతి ఆంటీ."

"ఏ విలాయతి? మా బాత్రూం వెనక మోరీ పొంటి బగ్గ మొలుస్తది!"

ఎవరో కిసుక్కుమన్నారు. అక్క ముఖం కందిపోయింది. ఆ వరుస లాగేయడానికి చెయ్యి పెట్టింది. లాగితే పైనున్న బంతి, గౌరమ్మ అన్నీ కూలతాయి.

"ఆగు బిడ్డా!" అంది పీట మీద కూర్చున్న ఆశమ్మ, అరుంధతిగారి అత్త. "ఏమే అరుంధతీ, తంగేడు నువ్వు నాటినవా? గునుక్కు నువ్వు నీళ్లు పోసినవా? బతుకమ్మకెక్కేటియే అడివి పూలు. గడ్డిపువ్వును ఎండకాలమంత సాదినామెను నేనిప్పుడే సూస్తున్న."

ఈసారి అందరం నవ్వాం. అరుంధతిగారు గిరుక్కున వెనక్కి తిరిగారు.

"అయితే నా మోరీ పొంటియి గూడ తెస్త, ఇంకో వరుస పెట్టు," అని నిజంగానే కొంగు నిండా కోసుకొచ్చారు. దీపాలు పెట్టేసరికి రెండు వరుసలూ తలలు వాల్చేశాయి. ఆశమ్మ మాత్రం "అలిసినయి పాపం" అంది.

మర్నాడు గోడ అవతల బావగారికి విచారణ.

"మీకెప్పుడు తెల్సు?"

"నువ్వు అసలు మొక్కలు పీకుతున్నప్పుడే."

"మరి చెప్పొద్దా?"

"గంత కోపంగ పీకుతున్నవ్. నడిమిట్లొస్తే నన్ను గూడ పీకుతవనుకున్న."

దసరా సాయంత్రం తానే ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టే దాకా అక్క మాట్లాడలేదు. పెట్టాక తీర్పు చెప్పింది: ఇకమీదట డబ్బాలకు నీళ్లు ఆయనే పోయాలి. మర్నాడు పొద్దున్నే బావగారు చెంబు పట్టారు. వాళ్లు అశోక్ నగర్‌కు ఇల్లు మారిన రోజు సామాను కన్నా ముందు డబ్బాలే రిక్షా ఎక్కాయి. ఒకదానికి జాగా చాలకపోతే, బావగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.