అన్న ముఖం మీది నీడ

మా వదిన పోయింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం కాస్త నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. మాన్విలో మా స్టూడియోకు వచ్చినవాళ్ళలో చాలామంది మొదట్లో ఆమెను చూసి ఉండరు. ముందు గదిలో కెమెరా పట్టేది మా అన్న. వెనక చీకటిగదిలో ఫోటోలు చేసేది వదిన.

ఆ గదిలో ఎర్రబల్బు ఒక్కటే వెలిగేది. పైనున్న యంత్రంలోంచి ఫిల్ము గుండా కాగితం మీద వెలుగు పడుతుంటే, మధ్యలో ఆమె చేతులు మెల్లగా కదిలేవి. వెలుగు ఎక్కువ తగిలినచోట ఫోటో నల్లబడుతుంది. అందుకని ముఖానికి కాసేపు నీడ పట్టేది. తలకు చుట్టిన తెల్ల రుమాలుకు ఇంకాస్త వెలుగు తగలనిచ్చి మడతలు తేల్చేది. పెళ్ళిచూపులకు పంపే ఫోటోలో పిల్లను తెల్లగా చేయమని తల్లులు బతిమాలేవారు. "చేస్తనమ్మా, గానీ పిల్లను సూస్తే గుర్తు వట్టాలె గద," అనేది.

కాలువ పని నడుస్తున్న రోజుల్లో, కూలీల ఫోటోలు తీయడానికి వెళ్ళిన అన్న వడదెబ్బకు పడిపోయాడు. ఇంటికి శవమే వచ్చింది. ఆయన కెమెరాలోని రీలును వదినే కడిగింది. చివర్లో అన్న బొమ్మ ఉంది. ఎవరో మేస్త్రీ సరదాకు తీసినట్టున్నాడు. వెనక ఎండ, ముఖమంతా చీకటి. కానీ నవ్వుతున్నాడు. దినం నాటికి ఆ బొమ్మే పటం కట్టించాలంది.

"రాయచూరుకు పంపుదాం, ఆడ పెద్ద స్టూడియోల చేస్తరు," అన్నాడు మా చిన్నాయన.

"వద్దు మామా, నేనే చేస్త."

నన్ను తోడు కూర్చోమంది. మొదటిసారి అన్న ముఖం బొగ్గులా వచ్చింది. తీగకు అతికించిన అట్టముక్కను ముఖం మీద నీడపడేలా ఆడిస్తూ మళ్ళీ చేసింది. ఈసారి పౌడరు పూసినట్టు తేలాడు. "ఈయన గిట్ల యాడుండె?" అని చింపేసింది. మళ్ళీ చేసింది. మళ్ళీ. ఏడిస్తే చెయ్యి వణుకుతుందని ఏడుపు ఆపుకుంది. చివరికి మందునీళ్ళలో అన్న మెల్లగా తేలాడు. అదే చామనఛాయ, కళ్ళ పక్కన ముడతలు, ఆ నవ్వు.

"తమ్మీ, సూడు. వచ్చిండు," అంది. అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత కెమెరా కూడా తనే పట్టింది. మా ఇంట్లో ఉండమంటే, "నీళ్ళల్ల ఫోటోలున్నయి తమ్మీ, ఎట్ల వస్త?" అనేది. పోయిన మా అమ్మ ముఖం ఈరోజుకీ నాకు ఫోటోలో ఉన్నది ఉన్నట్టు మిగిలిందంటే వదిన చేతి చలవే.

ఒక సాయంత్రం చెప్పకుండా వెళ్ళాను. దండెం మీద తడి ఫోటోలు వేలాడుతున్నాయి: ఎవరి పెళ్ళికూతురో, ఎవరి పసిబిడ్డో. వాటి కింద కంచం పెట్టుకుని వదిన ఒక్కతే అన్నం తింటోంది. పై ఫోటో నుంచి ఒక నీటిచుక్క భుజం మీద పడింది. తుడుచుకోలేదు. తలెత్తి, ఆ ఫోటోలోని ముఖాన్ని కాసేపు చూసి, మళ్ళీ ముద్ద కలుపుకుంది.