ఏడో ప్రశ్నకు జవాబు

2025 వానాకాలం. పోర్ట్‌బ్లెయిర్‌లోని గోల్ ఘర్‌లో, ఒక జెరాక్స్ షాపు పక్కన మూడు కుర్చీలు పట్టే గది నాది. ఇరవై రెండేళ్ళుగా అక్కడే బీమా ఏజెంటుగా పనిచేస్తున్నాను. కాగితాల మీద ఊరి పేరు శ్రీ విజయపురం అని మారింది గానీ మా నోళ్ళకి ఇంకా పోర్ట్‌బ్లెయిరే వస్తుంది. ఇక్కడి జనానికి బీమా అంటే జీవిత బీమాయే. జబ్బు చేస్తే ప్రభుత్వాసుపత్రి ఉంది, అక్కడ కుదరకపోతే చెన్నైకి పంపుతారు, ఇక ఆరోగ్య బీమా దేనికంటారు. “జబ్బు రాకపోతే డబ్బు వెనక్కిస్తారా దీదీ?” అని అడగని మనిషి లేడు. అలాంటి చోట, స్పెయిన్ వీసాకి ఏ హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవాలని అడుగుతూ నా గదిలోకి వచ్చిన మొదటి మనిషి పావని.

పావనికి ఇరవై ఏడేళ్ళు. తండ్రి దానయ్య కుర్రతనంలోనే శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ సముద్రం మీద వేట చేసి బతికినవాడు. లంబాలైన్‌లో మా తెలుగువాళ్ళ మధ్యే ఇల్లు కట్టుకున్నాడు, మా రెండిళ్ళకీ రాకపోకలున్నాయి. చేపలు పాడవకుండా నిల్వ చేసే చదువు చదివింది పావని. స్పెయిన్‌లో అదే చదువు పై మెట్టుకి స్కాలర్‌షిప్పుతో సీటొచ్చింది. రెండేళ్ళ కోర్సు. చెన్నై వీసా సెంటర్‌లో అపాయింట్‌మెంటుకి ఇంకా పదిహేను రోజులుంది. తండ్రీ కూతుళ్ళు తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి లోపలికొచ్చి, ఒక ఈమెయిల్ చూపించారు. వైజాగ్ ఏజెంటు ఒకడు వాళ్ళకి అమ్మిన పాలసీ చెల్లదని వీసా సెంటర్ వాళ్ళు రాసిన ఈమెయిల్ అది.

చూడగానే చిర్రెత్తుకొచ్చింది. వాడు అంటగట్టింది ట్రావెల్ ఇన్సూరెన్స్. అది చుట్టపుచూపుగా వెళ్ళొచ్చేవాళ్ళకి. అక్కడే ఏళ్ళ తరబడి ఉండి చదువుకునేవాళ్ళకి స్పెయిన్‌లో వ్యాపారం చేసే అనుమతి ఉన్న కంపెనీ పాలసీయే కావాలి. అందులో కో-పే ఉండకూడదు. అంటే డాక్టరు దగ్గరికెళ్ళిన ప్రతిసారీ కొంత మన జేబులోంచి ఇచ్చుకునే పద్ధతి ఉండకూడదు. వెయిటింగ్ పీరియడ్ ఉండకూడదు. అంటే పాలసీ తీసుకున్నాక ఇన్ని నెలల దాకా ఫలానా వైద్యానికి ఇవ్వం అనే గడువు ఉండకూడదు. ఇవన్నీ ఆ ఏజెంటుకి తెలియవా? తెలుసు. చేతిలో ఉన్న సరుకు అమ్మేశాడు.

నేను స్పెయిన్ పాలసీలు అమ్మను, అమ్మే అధికారమూ నాకు లేదు. కానీ కాగితం చదవడం వచ్చు. రెండు రోజులు కూర్చుని, అర్థం కాని స్పానిష్ మాటలు ఫోన్‌లో అనువాదం చేసుకుంటూ మూడు కంపెనీల షరతులు చదివాం. మొదటిదాంట్లో ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో కో-పే దాక్కుని ఉంది. దాన్ని పక్కన పడేశాం. మిగతా రెండూ వీసాకి పనికొచ్చేవే. వాటిలో పెద్ద కంపెనీకి ముందు పెట్టుకుందాం, కాదంటే రెండోది ఉందనుకున్నాం.

ఇక ప్రపోజల్ ఫారం. పాలసీ అడిగే మనిషి తన ఆరోగ్యం గురించి ఇచ్చుకునే జవాబుల పత్రం అది. పన్నెండు ప్రశ్నలు. దానయ్య సంచిలోంచి ఒక ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఈ కంపెనీ పేరు సెప్తే ఆ వైజాగ్ బాబే నింపి పంపినాడు చెల్లెమ్మా. ముందటిది సెల్లలేదని తప్పు ఒప్పుకుని దీనికి డబ్బులు ఒద్దన్నాడు. మనం సంతకం ఎట్టీడమే.”

పన్నెండింటికీ ‘నో’ అని టిక్కులు వరుసగా ఉన్నాయి. వాడు పావనిని ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదట. నేను ఆ కాగితం పక్కకి నెట్టి, ఖాళీ ఫారం తీసి ప్రశ్నలు పైకి చదవడం మొదలుపెట్టాను. గుండె జబ్బు ఉందా? షుగరు? ఆపరేషన్లు ఏమైనా? ప్రతిదానికీ దానయ్యే “లేదు”, “లేదు” అంటూ వచ్చాడు. ఏడో ప్రశ్న ఫిట్స్ గురించి. నేను మాట పూర్తిచేయకముందే “లేవు” అన్నాడు. మిగతావాటికంటే గట్టిగా అన్నాడు. పావని తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది.

“దానయ్య అన్నా, నేను అడిగేది నిన్ను కాదు, పిల్లని,” అన్నాను.

“పిల్లేటి, నానేటి? లేవని సెప్తన్నాను కదా!”

“బస్ పప్పా. అబ్ బస్,” అంది పావని, ఇక చాలన్నట్టు. ఆ పిల్లకి కోపమొస్తే హిందీ వస్తుంది. తర్వాత నావైపు తిరిగింది. “ఉన్నాయి ఆంటీ. పన్నెండేళ్ళప్పటి నుంచి. రోజూ రెండు టాబ్లెట్లు వేసుకుంటాను. నాలుగేళ్ళయింది, ఒక్కసారి కూడా రాలేదు.”

దానయ్య లేచి వెళ్ళి గది తలుపు వేశాడు. బయట వానలో వినేవాళ్ళెవరూ లేరు. ఆ తలుపు వెయ్యడం చూసి కోపమొచ్చింది, జాలీ వేసింది. తిరిగొచ్చి కూర్చుని గొంతు తగ్గించాడు. “ఇస్కూల్లో పడిపోనాది చెల్లెమ్మా. మర్నాటి నుంచి పిల్లలు పక్కన కూకోలేదు. ఫిట్స్ పిల్ల, ఫిట్స్ పిల్ల అని. ఇస్కూలు మార్పించీసినాను. అప్పట్నుంచి నేను, నా ఇంటిది, డాక్టరు, అంతే. మనోళ్ళలో ఒక్కడికి తెలిసినా దీనికి పెళ్ళవుద్దా? మీరు ఆ కాగితం మీద రాసీస్తే, ఈ లోకంలో ఎక్కడో ఓ కాడ ఉండిపోద్ది కదా!”

“పెళ్ళికొడుక్కి ఎవరు చూపిస్తారన్నా ఈ ఫారం?” అన్నాను. “వీసాకి ఇది అడ్డు కూడా కాదు. వీసా వాళ్ళడిగే మెడికల్ సర్టిఫికెట్టు అంటురోగాల గురించి. వాళ్ళకి పట్టని సంగతి దాచి, రేపు ప్రాణం మీదికొస్తే ఆదుకోవాల్సిన కంపెనీకి అబద్ధం చెబుతున్నారు.”

అతని ఎదుటే వైజాగ్ ఏజెంటుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. పిల్లని ఒక్క మాట అడక్కుండా అన్నిటికీ నో అని ఎలా పెట్టావని అడిగాను. నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

“మేడమ్ గారూ, మీరూ ఫీల్డ్‌లో ఉన్నవారే కదా, మీకు తెలీదా? అందరూ నో అనే పెడతారు. యస్ అంటే పాలసీ ఇవ్వరు. అండమాన్ హాస్పిటల్ రికార్డు స్పెయిన్‌లో ఎవడు చూస్తాడండీ?”

“రికార్డు ఎందుకయ్యా? ఆ పిల్ల అక్కడ రోడ్డు మీద పడిపోతే బ్యాగులో మాత్రలు దొరుకుతాయి. ఎప్పటినుంచి వాడుతున్నావని డాక్టరు అడుగుతాడు. తను చెబుతుంది. ఆ మాటతో పాలసీ రద్దవుతుంది. అప్పుడు నువ్వు విమానమెక్కి వెళ్తావా ఆ పిల్ల కోసం? సిగ్గు లేదూ నీకు?”

“కూల్ మేడమ్, కూల్,” అన్నాడు. ఫోన్ పెట్టేశాను. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళ వృత్తిలో నన్ను ఎన్నో అన్నారు గానీ, ‘మీరూ ఫీల్డ్‌లో ఉన్నవారే కదా’ అన్న మాట తగిలినట్టు ఇంకేదీ తగల్లేదు. వాడన్నది నిజం కాబట్టి.

నేనూ పెట్టాను అలాంటి టిక్కులు. వృత్తిలోకొచ్చిన కొత్తల్లో అందరం అలాగే చేసేవాళ్ళం. ప్రశ్నలు చదివేవాళ్ళం కాదు, వరుసగా నో, నో, నో. చాతం రంపపు మిల్లులో పనిచేసే ఒకాయన షుగరు ఉందని చెప్పినా, “అది చిన్నదేలే బాబాయ్” అని లేదనే రాశాను. మూడేళ్ళకి ఆయన పోయాడు. ఆసుపత్రి కాగితాల్లో షుగరు ఎన్నేళ్ళ నుంచో రాసి ఉంది. కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టింది. ఆయన భార్య నా దగ్గరికొచ్చి అరవలేదు, ఏడవలేదు. “నువ్వే కదమ్మా రాశావు” అంది, అంతే. ఆ రోజు నుంచే నేను ప్రశ్నలు పైకి చదువుతున్నాను. అంతకుముందు నింపిన ఫారాలు ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయో తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

ఇదంతా తండ్రీ కూతుళ్ళకి చెప్పాను. దానయ్య వినలేదు. పావని విన్నది. పెన్ను నా చేతిలోంచి తీసుకుని ఏడో ప్రశ్నకి తనే ‘యస్’ అని టిక్కు పెట్టి, పక్కన మందు పేరు, మోతాదు రాసింది. దానయ్య గొడుగు తీసుకుని ఒక్కడే వానలోకి వెళ్ళిపోయాడు.

ఫారం పంపిన మూడో రోజుకి పెద్ద కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఈ దరఖాస్తు అంగీకరించలేము. కారణం కూడా రాయలేదు. సాయంత్రం దానయ్య మెట్లెక్కుతుండగానే అరుపు మొదలుపెట్టాడు.

“మీ నిజం మీ కాడే ఎట్టుకోండి! నా పిల్ల సదువు నీటిలో కలిపీసినారు. ఆ బాబు సెప్పినట్టు సేసుంటే ఈపాటికి అయిపోను. మీకేటి పోయింది? మీ పిల్లయితే ఇలగ సేద్దురా?”

జెరాక్స్ షాపులో జనం ఇటు చూస్తున్నారు. నేనూ ఊరుకోలేదు. “నా పిల్లయితే స్కూలు మార్చేదాన్ని కాదు, ఆ స్కూల్లో పిల్లలకి నాలుగు తగిలించి, ఏం చెయ్యాలో నేర్పేదాన్ని” అన్నాను. అనకూడని మాట. అతని మొహం చూస్తే తెలిసింది. వెనక్కి తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అపాయింట్‌మెంటుకి ఇంకా తొమ్మిది రోజులే. రెండో కంపెనీ కూడా కాదంటే ఆ పిల్ల సీటు పోయేది నావల్లే. నిజం చెప్పించింది నేను, నష్టం తనది.

ఆ రాత్రే పావని అవే జవాబులతో రెండో కంపెనీకి పెట్టింది. ఆ కంపెనీ వెంటనే కాదనలేదు. డాక్టరు రిపోర్టు అడిగింది. ఆఖరిసారి ఫిట్స్ ఎప్పుడొచ్చాయి, మందు క్రమంగా వాడుతోందా అని. నరాల డాక్టరు మెయిన్‌లాండ్ నుంచి వంతుల మీద వస్తాడు, ఆ నెల రాలేదు. పావని ఆసుపత్రిలో ఒక్కతే పొద్దున్నుంచి వరుసలో నిలబడి, చిన్నప్పటి నుంచి తనని చూస్తున్న ఫిజీషియన్‌తో రాయించుకుంది. ఆసుపత్రికెళ్ళిన ప్రతిసారీ డాక్టరు రాసే పాత ఓపీడీ పుస్తకాలు నాలుగు, చెద పట్టినవి కూడా, ఆ రిపోర్టుకి జతచేసింది. వాటిల్లో ప్రతి తేదీ ఉంది. మా దీవుల్లో మనుషులు దాచినా ఆ పుస్తకాలు దాచవు.

అపాయింట్‌మెంటుకి నాలుగు రోజుల ముందు పాలసీ వచ్చింది. ఒక ఎక్స్‌క్లూజన్‌తో, అంటే ఫలానాది మా బాధ్యత కాదని పాలసీలో ముందే రాసిపెట్టే షరతుతో. రోజువారీ మాత్రల ఖర్చు తనదే. ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సొస్తే మాత్రం వాళ్ళే చూసుకుంటారు. మిగతా జబ్బులన్నిటికీ పూర్తిగా వర్తిస్తుంది. కో-పే లేదు, వెయిటింగ్ లేదు. ఆ మెలికకి వీసా వాళ్ళేమంటారోనని నెల రోజులు భయపడ్డాం. ఏమీ అనలేదు. వీసా వచ్చింది. పావని వెళ్ళింది.

దానయ్య నాతో మాట్లాడడం మానేశాడు. బజార్లో ఎదురైతే చేపల వైపు చూస్తాడు. ఆ వైజాగ్ ఏజెంటుకి మాత్రం ఏమీ కాలేదు. వాడి కంపెనీకి, బీమా నియంత్రణ సంస్థకి ఫిర్యాదు రాశాను, చూస్తామన్నారు, ఇప్పటిదాకా చూస్తూనే ఉన్నారు. ఈలోగా ఇంకెంతమంది పిల్లలు నో, నో, నో అన్న కాగితం పట్టుకుని విమానాలెక్కారో.

నవంబరులో ఒక మధ్యాహ్నం పావని ఫోన్ చేసింది. చలి గురించి, చేపల వాసన అక్కడా ఒకటేనన్న సంగతి గురించి చెప్పింది. ఫిట్స్ రాలేదంది.

“ఆంటీ, నా రూమ్‌లో ఇద్దరమ్మాయిలున్నారు. మొదటి రోజే చెప్పేశాను.”

“ఏమన్నారు?”

“ఏం చెయ్యాలో రాసివ్వమన్నారు. రాసి ఫ్రిజ్ మీద అంటించాం. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళంచెవులూ అవీ పెట్టొద్దు, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి. వాళ్ళు ఒకసారి నన్ను పడుకోబెట్టి ప్రాక్టీసు కూడా చేశారు ఆంటీ. చాలా నవ్వాం. పప్పాకి మాత్రం చెప్పకండి. అందరికీ చెప్పేశానని బాధపడతాడు.”

చెప్పనన్నాను. ఫోన్ పెట్టేశాక మళ్ళీ ఒళ్ళు మండింది. ముందు నామీద నాకే. ఆ పిల్ల పదిహేనేళ్ళు లంబాలైన్‌లో మా వాళ్ళందరి మధ్య ఉంది. పెళ్ళిళ్ళకి వచ్చింది, పూజలకి వచ్చింది, మా ఇంట్లో భోంచేసింది. మాలో ఎవరి ముందైనా పడిపోయి ఉంటే తాళంచెవులు వెతుక్కునేవాళ్ళం. ముక్కూమొహం తెలియని ఇద్దరు పిల్లలు ఒక్క సాయంత్రంలో నేర్చుకున్నది మాకు పదిహేనేళ్ళలో తెలియలేదు, మాతో చెప్పుకోగలిగేలా మేం మసలుకోలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు దానయ్య తలుపు వేసింది మాలాంటివాళ్ళకి భయపడే. ఫారంలో జబ్బు దాస్తే కంపెనీ డబ్బివ్వదని ఈ వృత్తి నాకు ఎప్పుడో నేర్పింది. దాచుకోవాల్సిన భయం పుట్టించింది మేమేనని పావని నేర్పింది.