మామయ్య పంచె ఉన్న బొంత

పని చేయని మీట ఉన్న కుట్టు మిషన్‌ను, ఆ మీట పని చేయదని అందరి ముందూ నిరూపించి మరీ, మూడు వందలు తగ్గించి కొన్నదాన్ని నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో అంతటి బేరం ఇంకెవరైనా చేసి ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టి వస్తాను.

పాత మిషన్లమ్మే ఆ కొట్టువాడు తొమ్మిది వేల దగ్గర మొదలుపెట్టాడు. నేను మెట్రో మెట్ల దాకా నడిచి, రెండు సార్లు వెనక్కి పిలిపించుకుని, ఆరు వేల అయిదు వందలకు దించాను. అప్పుడు కనపడింది మిషన్ పక్కన తుప్పు పట్టి బిగుసుకుపోయిన చిన్న మీట.

"గా మీటతోని మీకేం పని అక్కా? జాకెట్లు కుట్టెతందుకు గది అక్కర్నే లేదు," అన్నాడు.

"అక్కర లేకపోతే ఎందుకు పెట్టిన్రు? ఉన్నది పని జెయ్యాలె. చెయ్యకపోతే పైసలు తగ్గాలె."

ఆరు వేల రెండు వందలకు ఆటోలో వేసుకుని ఎల్బీనగర్ వచ్చాను. మా అమ్మాయి తొలి కాన్పుకు ఇంటికి వచ్చి ఉంది. దివాన్ మీద ఒత్తిగిలి పడుకుని ఫోన్‌లో వీడియో చూస్తూ, "అమ్మా, మొట్టమొదలు కింద పళ్లు దించాలంట. దానికి సైడ్‌కు ఒక మీట ఉంటదంట, చూడు," అంది.

సూది కింద ఇనుప పళ్లు ఉంటాయి. అవి బట్టను పట్టి వెనక్కి లాగుతుంటాయి, అందుకే కుట్టు తిన్నగా పోతుంది. వాటిని దించేస్తే బట్ట మన చేతిలోకి వస్తుంది, ఎటు తిప్పితే అటే కుట్టు. ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అంటే అదే. నేను మిషన్ కొన్నది దానికోసమే. మూడు వందలు తగ్గించుకున్నది ఆ మీట మీదే.

ఇదంతా మా అత్తమ్మ కోసం మొదలైంది. వాళ్లది మంగళగిరి నేతవాళ్ల కుటుంబం, మాది పోచంపల్లి. నూలు తప్ప మా రెండు ఇళ్లకూ కలిసిందేమీ లేదు. ఆమె పాత చీరలన్నీ ముక్కలు చేసి, చేత్తో అతికి, బొంతలకు పైపొరలు మూడు తయారు చేసింది. కింద బట్ట వేసి, నడుమ దూది పరిచి, మూడు పొరలూ కలిపి కుట్టే లోపల చేతులు వణకడం మొదలైంది. ఆ పైపొరలు బీరువా మీద ప్లాస్టిక్ సంచిలో ఉండిపోయాయి. వాటిలో చిన్నదాని నడిమధ్యన తెల్లటి చదరం ఒకటి ఉంది. అది మా మామయ్య కట్టిన పంచెలో ముక్క. ఆయన పోయాక ఆమె దాచుకున్నది ఆ ఒక్క పంచె. మిగతావన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది.

"పుట్టిన బిడ్డను కొత్త బట్ట మీద పడుకోబెట్టకూడదు. కట్టి కట్టి మెత్తబడ్డ బట్టే ఉండాలి. ఆయన పంచె మీద పడుకోవాలని చిన్న ఆశ. అయినా ఇప్పుడు నాచేత అవుతుందా ఏవిటి," అంది ఒకరోజు, నన్ను అడగనట్టే.

అడగనట్టు అడగడం ఎలాగో మా నాన్న బట్టల కొట్టు మీద పెరిగినదాన్ని నాకు తెలియదా? బిడ్డ ఇంటికి వచ్చేలోగా ఆ బొంత పూర్తి చేస్తానని మాటిచ్చాను. అప్పటికి నాకు జాకెట్‌కు హెమ్మింగ్ చేయడం తప్ప ఏమీ రాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దేనికైనా కోచింగ్ దొరుకుతుంది, దీనికి మాత్రం దొరకలేదు. దివానే క్లాస్‌రూమ్ అయింది, కడుపుతో ఉన్న నా కూతురే సారు. దిగని పళ్లను పాత విజిటింగ్ కార్డుతో కప్పి, టేపు అంటించి, సూది దిగే చోట చిల్లు పెట్టాను. అది వీడియోలో చూసి అమ్మాయే చెప్పింది. పాత దుప్పటి ముక్కల మీద నేర్చుకోవడం మొదలుపెట్టాను.

"అమ్మా, కాలు జోరుగ తొక్కు, చెయ్యి మెల్లగ జరుపు. నువ్వు ఉల్టా చేస్తున్నవ్."

"చేతికి కాలికి ఎప్పుడన్న పడ్డదా నాకు?"

సూదులు విరిగాయి. పైన కుట్టు బాగానే కనిపించేది, తిప్పి చూస్తే కింద దారం పిచ్చుక గూడు. బట్ట చేతికింద జారిపోతుంటే, మా నాన్న గల్లాపెట్టె దగ్గర నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేళ్లకు తొడుక్కునే రబ్బరు తొడుగులు గుర్తొచ్చాయి. అవి కొని వేళ్లకు వేసుకుంటే బట్ట మాట వినడం మొదలుపెట్టింది. గీత మాత్రం వినలేదు. తనను తాను తాకకుండా మెలికలు తిరుగుతూ పోవాలి, నాది సాగర్ రోడ్డు మీద షేర్ ఆటోలా ఎక్కడపడితే అక్కడ ఆగి పక్కకు కోసేది.

అత్తమ్మ కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. "ముగ్గేస్తావుగా రోజూ. గీత ఎక్కడికి పోతోందో చూడకు, ఇంకా ఎక్కడ ఖాళీ ఉందో చూడు," అంది.

"పిండి పోస్తే చెరిపి మళ్ల పోయొచ్చు అత్తమ్మా. ఇది దారం."

"విప్పడానికి నేను లేనా? వణికే చేతులకు కుట్టు విప్పడం బాగానే వచ్చులే."

నిజంగానే విప్పింది. నేను కుట్టినవి కుట్టినట్టే, పక్కన కూర్చుని, విసుక్కోకుండా. అలా కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం ఆమెకు విప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆ రోజే బీరువా మీద నుంచి అసలు పైపొర దించాను.

అడుగుకు ఎర్ర నూలు బట్ట తెచ్చాను. మీటరు నూట నలభై అన్నది నూట పదికి. అత్తమ్మ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "అమ్మాయ్, కుట్టే ముందు ఒకసారి తడిపి ఆరేయి. కొత్త రంగు," అంది.

ఇక్కడ నా పుట్టుక అడ్డం వచ్చింది. నీళ్లు తగిలిన బట్ట ఇంక మనది కాదు, కొన్నోళ్లది అనేవాడు మా నాన్న. ఒక్కసారి తడిస్తే మెరుపు పోతుంది, మడత పోతుంది, వాపసు ఇచ్చే దారి పోతుంది. మా కొట్లో వాన జల్లు పడ్డ తానును కూడా విడిగా పెట్టి సగం ధరకు ఇచ్చేవాళ్లు. అంత మంచి బట్టను వాడకముందే నీళ్లలో ముంచడానికి నాకు చెయ్యి రాలేదు.

"మంచి మిల్లు బట్ట అత్తమ్మా. రంగు పోదు, నాకు తెల్వదా," అన్నాను.

పిన్నీసులతో మూడు పొరలూ కలిపి, నడిమధ్య నుంచి అంచులకు కుట్టుకుంటూ పోయాను. చివరగా చుట్టూ అంచు పట్టీ వేశాను. పంచె చదరం మీద గీత ఒక్కసారి కూడా ఆగలేదు. అది చూసి అత్తమ్మ లేచి వెళ్లి కాఫీ పెట్టిచ్చింది. సగం సాసర్‌లోకి వొలికింది.

మలక్‌పేట దవాఖానలో మనవరాలు పుట్టిన మర్నాడు బట్టలు తీసుకెళ్లడానికి ఇంటికి వచ్చి, బొంతను వాషింగ్ మెషిన్‌లో వేశాను. బిడ్డ వచ్చేసరికి మెత్తబడాలని. మూత తీసేసరికి నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. అడుగు బట్ట కుంచించుకుని పైపొరంతా ముడతలు ముడతలుగా లేచింది. చీర ముక్కల మీద ఎరుపు పెద్దగా తెలియలేదు. పంచె చదరం మాత్రం మొత్తం గులాబీ రంగు.

ఉప్పునీళ్లలో నానబెట్టాను, సబ్బు రుద్దాను. అరచేతులు మండాయి తప్ప రంగు కదల్లేదు. అలాంటి ముక్క ఇంకెక్కడా దొరకదు. డాబా మీద, తీగకు చివర, పక్కింటి దుప్పట్ల వెనక ఆరేశాను. కనపడదులే అనుకున్నాను.

అన్నం తినేసి చూసేసరికి అత్తమ్మ గదిలో లేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కడం మానేసిన మనిషి, డాబా మీద బొంత ముందు నిలబడి ఉంది. రెండు చేతులతో ఆ చదరాన్ని పట్టుకుని ఉంది.

"అత్తమ్మా, మీరు చెప్పిన్రు. నేనే వినలే," అన్నాను.

ఆమె వేలితో నేను కుట్టిన మెలికను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తడుముతూ పోయింది.

"పెళ్లైన దగ్గర నుంచి చెప్పాను, ఒక్క రంగు చొక్కా కొనుక్కోండి అని. గుమాస్తాకి రంగులేవిటి అనేవారు. పండక్కి కొనిస్తే వాపసిచ్చి ఇంకో పంచె తెచ్చుకున్నారు." నా వైపు తిరిగింది. "చివరికి నువ్వు కట్టించావు."

నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆమెకు కూడా తెలిసినట్టు లేదు. ముడతలు పడ్డ బొంతను చెంపకు ఆనించుకుంది. "చూడు, ఎంత మెత్తగా అయిందో. పదేళ్లు కప్పుకున్నదానిలా ఉంది. పర్వాలేదు, పిల్లను పడుకోబెట్టొచ్చు," అంది.

బిడ్డ ఇంటికి వచ్చినరోజు అత్తమ్మే బొంతను పరిచింది. మధ్య చదరం మీద బిడ్డను సర్ది, వణికే చెయ్యిని పొట్ట మీద ఆనించింది. పిల్ల కదలకుండా నిద్రపోయింది. చెయ్యి కూడా కాసేపు వణకలేదు.

"నానమ్మా, మిగిలిన రెండు కూడ అమ్మతోనే కుట్టిపియ్యి. అప్పుడు మిషన్ పైసలు వసూలైతయ్," అంది అమ్మాయి.

ఖర్చును మూడు బొంతల మీద పంచి చూపించడం మా కొట్టువాళ్ల అలవాటే. ఒక్కోదాని మీద నష్టం చిన్నగా కనపడుతుంది. నేను పంచలేదు, పూర్తయిన ఒక్క బొంత మీదే వేశాను. మిషన్ ఆరు వేల రెండు వందలు, ఆటో రెండు వందలు, దూది నాలుగు వందల యాభై, ఎర్ర బట్ట నాలుగు మీటర్లు నాలుగు వందల నలభై, దారం నూట ఎనభై, సూదులు నూట యాభై, రబ్బరు తొడుగులు వంద, ఉప్పు ఇరవై. అత్తమ్మను కూలి ఎంత అని అడిగితే, "పొద్దున్నే రెండు ఇడ్లీలు," అంది. అవి ఎలాగూ పెడుతున్నాను కాబట్టి కలపలేదు. మొత్తం ఏడు వేల ఏడు వందల నలభై. ఇదే కొలత పిల్లల బొంత బజారులో ఆరు వందలు, నేను వెళితే నాలుగు వందల యాభైకి ఇస్తారు. నికరంగా నష్టం ఏడు వేల రెండు వందల తొంభై రూపాయలు.