రంగుల్ని అడిగే మనిషి

తివాచీలు శుభ్రం చేసే ఆయన పాతనగరం నుంచి ఏడాదికి రెండుసార్లు చొప్పున పదకొండేళ్లు మా ఇంటికి వచ్చారు. తుపాను వల్ల ఒక్కసారి తప్పింది కనుక ఇరవై ఒక్కసార్లు.

కాలం చేసిన మా వారు తనకై తాను ఇష్టపడి కొన్న ఒకే ఒక వస్తువు మా ఎర్ర తివాచీ. పోర్టు బొగ్గుధూళి అందులో పేరుకుపోయింది. మొదటిసారి వచ్చినప్పుడు, "సబ్బుపొడితో ఉతికేయండి, పన్నెండుకల్లా అయిపోవాలి" అన్నాను. ఆయన తొందరపడలేదు. తెల్ల చేతిరుమాలు తడిపి, ఒక్కో రంగు మీద అదిమిపెట్టి కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"అడుగుతన్నానమ్మా. నీలం సరేనంది. ఆకుపచ్చ సరేనంది." రుమాలు ఎత్తి చూపించారు. దాని మీద గులాబీ మరక. "ఎరుపు మాత్రం ఒప్పుకోలేదు. సబ్బునీళ్లు పోస్తే రంగంతా తెలుపులోకి దిగిపోద్ది."

నా మాట విని ఉంటే మా వారి తివాచీ ఆ పూటే పాడైపోయేది. ఆయన దాన్ని తిరగేసి దుమ్మంతా దులిపి, పొడి బ్రష్షుతోనే శుభ్రం చేశారు. అది ఇప్పటికీ హాల్లో ఉంది. ఆ తివాచీలాయన పోయి రెండేళ్లయింది.

మొన్న ఎప్పటిలాగే కోడలి అలమరా సర్దబోయి, తలుపు మీద చెయ్యి వేసి ఆగాను. "సర్దమంటావా?" అని అడిగాను.

కోడలు నా నుదుటి మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"ఏటత్తయ్యా, ఒంట్లో బాగోలేదా?"