విప్పిన పాయింట్లు

"నీ మోటారు పని అయిపోయింది పెద్దమ్మా. స్టార్టర్ పెట్టెలో ఈ కాంటాక్టర్ కాయిల్ కాలిపోయింది. ఈ వయసులో నీకెందుకు, చేను నాకు కౌలుకిచ్చెయ్," అన్నాడు మా మరిది కొడుకు.

"నా చేను నేను చేసుకుంటాను. ఈ కాంటాక్టర్‌ని బెజవాడలో చూపిస్తాను."

"పాత ఇనప సామాన్ల కొట్లో చూపించు."

"ముందు నిన్ను తూకం వేయిస్తాను," అని బస్సెక్కాను. నారుమడి అప్పటికే బీటలు తీస్తోంది.

పక్క సీట్లో ఒకావిడ నా సంచిలోకి చూసి, "స్టార్టర్లో కాంటాక్టర్ కదండీ? మా కంపెనీలో రోజూ ఇవే బిగిస్తాం," అంది. ఒళ్ళో పెట్టుకుని మూత తీసి, తీగ చుట్టిన కాయిల్‌ని వాసన చూసింది.

"కాలలేదండి. కరెంటు రాగానే ఇది ఈ ఇనప ముక్కని లాగుతుంది, పాయింట్లు, అంటే కరెంటు అందించే బిళ్ళలు, కలిసి మోటారు తిరుగుతుంది. ఆపితే స్ప్రింగు విడదీస్తుంది. మీదాంట్లో అసలు పాయింట్లే లేవు."

"అరిగిపోయాయేమో."

"అరిగితే నల్లగా అక్కడే ఉంటాయి. ఎవరో స్క్రూలు విప్పి తీశారు. ఎవరు ముట్టుకున్నారండి?"

మోటారు షెడ్డు తాళం చెవులు నా దగ్గర ఒకటి, మా మరిది కొడుకు దగ్గర ఒకటి. తల్లి లేనివాడని నా పిల్లలతో కలిపి అన్నం పెట్టి పెంచాను. సంచి తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. కాంటాక్టర్ నా సంచిలో పెట్టి, సంచి మూతి ముడివేసి, బెంజ్ సర్కిల్‌లో దిగిపోయింది.

వన్ టౌన్‌లో పాయింట్లు మాత్రం కొన్నాను. ఒక తాళం కూడా కొన్నాను. సాయంత్రానికి నారుమడికి నీళ్ళందాయి.

మర్నాడు పొద్దున్నే వాడు షెడ్డు దగ్గరకొచ్చాడు. జేబులోంచి తాళం చెవి తీసి, కొత్త తాళాన్ని చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కాఫీ తాగి వెళ్ళమన్నాను. అక్కర్లేదని వెళ్ళిపోయాడు.